తపాల చెక్కలో మొదటి ముక్క

మొన్న ఉప్పల్‌లో మా మేనకోడలు సునీత ఇంటికి పోయాను. మా అన్న పోయినప్పటి నుంచి వదినె కూతురి దగ్గరే ఉంటోంది. వదినెను చూడ్డానికే పోయాననాలి గాని, ఆమె పట్టుబట్టి కబురు పెడితే తప్ప కదిలే మనిషిని కాను నేను. ఎనభై దగ్గర పడుతున్నాయి, పళ్లు సగం ఊడాయి, ఇంకా ఏమిటీ పంతం అని మా పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. మా వదినె బాలమణి పేరు వింటే ఇప్పటికీ నా మూతి ఒక పక్కకు తిరుగుతుంది. ఎందుకో చెప్పాలంటే వంటింటి నుంచే మొదలుపెట్టాలి.

నేను పోయేసరికి సునీత ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి, పిల్లల్ని ట్యూషన్‌కు పంపే తొందరలో ఉంది. "అత్తా, జర కూసో, ఇప్పుడే అయిపోతయి. నూనె అసలే వెయ్యలె, అంత ఓవెన్ల కాల్చిందే. పిల్లలకు కూరగాయలు గిట్లనన్న కడుపుల పడ్తయని" అంటూ ఓవెన్ తలుపు తెరిచి పళ్లెం బయటికి లాగింది. క్యారెట్, సొరకాయ తురుము, మెంతికూర, నానబెట్టిన శెనగపప్పు, ఏదో పిండి కలిపి అరచేతంత బిళ్లలుగా ఒత్తి కాల్చింది. ప్యాటీలంటారట. వాసన బాగానే ఉంది. చెయ్యి చాపబోయి ఆగిపోయాను. ప్రతి బిళ్ల మీదా నడుమ ఒక బొక్క, దాని చుట్టూ పువ్వు రేకుల్లా చిన్న చిన్న బొక్కలు. చిటికెనవేలితో పెట్టినవి. "ఈ బొక్కలు ఎవలు నేర్పిన్రే నీకు?" అన్నాను. "అమ్మ గట్లనే పెడ్తది గద అత్తా! నా చిన్నప్పటి సంది చూస్తున్న. లోపలిదాక మంచిగ కాలుతదట" అని సునీత పిల్లల సంచులు సర్దే పనిలో పడింది. నేను మాత్రం ఆ పళ్లెం ముందు అట్లాగే నిలబడిపోయాను. ఎందుకంటే ఆ పువ్వు నాది. వదినెది కాదు. వదినె చూపుడువేలితో వరుసలు పెట్టేది, నేసిన బట్టలో గళ్లలా. ఆ వరుసల్ని ఏళ్ల తరబడి కళ్లలో నిప్పులు పోసుకుని చూసినదాన్ని, నాకు తెలియదా?

మాది పోచంపల్లి. ఇంట్లో అడుగు పెడితే ముందు గదంతా గుంట మగ్గమే. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని, గట్టు మీద కూర్చుని బాపు నేసేవాడు. పక్కన అర్రలో అన్న రంగు పట్టకూడని చోట్ల నూలుకు ముడులు కట్టేవాడు. అరుగు మీద అమ్మ ఆసు ముందు కూర్చునేది. ఒక మేకు నుంచి ఇంకో మేకుకు దారం తిప్పుతూ పొద్దంతా ఆమె కుడిచెయ్యి ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉండేది. మా ఇంటి వాసన వేరు. రంగు కాగే వాసన, పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, వాటన్నిటి వెనక పిడకల పొగ. అమ్మ ఆసు మీద నుంచి లేస్తే పని ఆగిపోతుంది, పని ఆగితే బాపు ముఖం మాడిపోతుంది. అందుకే తపాల ఎత్తగలిగే బలం రాగానే పగటి తిండి నా చేతికి వచ్చింది. అన్నం, కూర, చారు అని కూర్చుంటే తీరేది కాదు కాబట్టి మా ఇంట్లో పగటిపూట తిండి అంటే చాలా రోజులు తపాల చెక్కే.

తపాల అంటే అడుగు మందంగా, లోపల గుండ్రంగా ఉండే ఇత్తడి గిన్నె. బియ్యప్పిండిలోనో జొన్నపిండిలోనో నానిన శెనగపప్పు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు, దంచిన పచ్చిమిరపకాయలు కలిపి ముద్ద చేసి, తపాల లోపల నూనె రాసి, ముద్దను అడుగు నుంచి అంచుల దాకా చేత్తో పలచగా ఒత్తాలి. వేలితో బొక్కలు పెట్టి, బొక్కకింత నూనె చుక్క వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచాలి. కాసేపటికి అంచులు గిన్నెను వదిలి లేస్తాయి. అమ్మ నేర్పింది ఇంతే. బొక్కలు మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది. నా వేళ్లు సన్నవి. చిటికెనవేలితో నడుమ ఒకటి, చుట్టూ రేకులు పెట్టేదాన్ని. చెక్క ఎర్రగా కాలి పళ్లెంలోకి వస్తే ఆ పువ్వు చూసి నాకు నేనే మురిసేదాన్ని.

ఆ పువ్వును గుర్తుపట్టేది బాపు ఒక్కడే. పొద్దుటి నుంచి దారం మీదే ఉన్న కళ్లను పళ్లెం మీదికి తిప్పడం కూడా ఆయనకు బద్ధకం. గుంట గట్టు మీద నుంచి లేవకుండా, కాళ్లు గుంటలోనే ఉంచి తినేవాడు. పళ్లెం ఒళ్లోకి రాగానే ముందు వాసన చూసేవాడు. తర్వాత పోగుల మీద చెయ్యి ఆడించినట్టే చెక్క మీద వేళ్లు ఆడించి, బొక్కలు తడిమి, "గిది మా అండాలు చేసింది" అనేవాడు. అండాలు నేనే. నేను కాక ఇంకెవరు చేస్తారు ఆ ఇంట్లో! అయినా రోజూ అదే మాట, కొత్తగా కనిపెట్టినట్టు. ఆ తర్వాత అంచు దగ్గర బాగా కరకరలాడే ముక్క విరిచి, తను నోట్లో పెట్టుకునే ముందు నా చేతిలో పెట్టేవాడు. "చేసినోళ్లే ముందు తినాలె బిడ్డా" అనేవాడు. ఆ ముక్క కోసమే నేను పొగలో కళ్లు మండినా పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని. అన్నకు కొత్త అంగీ కుట్టించినా, మా చిన్న చెల్లెలికి అమ్మ గాజులు తొడిగించినా నాకేమీ అనిపించేది కాదు. ఆ ముక్క మాత్రం నాది.

అయితే నా వంటలో రెండు లోపాలుండేవి. మాకు ఒక్కటే తపాల. ఒక చెక్క తీశాక గిన్నె నిప్పులా కాలుతూ ఉంటుంది, అందులో పచ్చిపిండి ఒత్తబోతే చెయ్యి కాలుతుంది. కాబట్టి దాన్ని బోర్లించి, నీళ్లు పోసి, సుర్రుమని ఆవిరి పోయేదాకా ఆగి, తుడిచి, మళ్లీ నూనె రాయాలి. ఆఖరి మనిషి తినేసరికి మొదట తిన్నవాడికి మళ్లీ ఆకలి అయ్యేది. రెండోది నూనె. తెల్ల నూలు మీద జిడ్డు వేలు పడితే అక్కడ రంగు సరిగ్గా పట్టదు. అందుకని తిన్న ప్రతివాళ్లూ బూడిదతో చేతులు రుద్దుకుని, కడుక్కుని, ఆరబెట్టుకుని గాని పనిలోకి పోకూడదు. "తినుడు ఒక గడియ, చేతులు కడుగుడు రెండు గడియలు" అని బాపు విసుక్కునేవాడు. విసుగు నూనె మీద గాని నా మీద కాదని నేను సమాధానం చెప్పుకునేదాన్ని.

అన్న పెళ్లయింది. పిల్ల నారాయణపేట నుంచి వచ్చింది. వాళ్లూ నేతవాళ్లే, పట్టంచు చీరలు నేసేవాళ్లు. పొడుగ్గా, నిదానంగా, నవ్వితే బుగ్గ మీద సొట్ట. వచ్చీ రాగానే నాకు పూలు కట్టి జడలో పెట్టింది, నాకు నచ్చింది కూడా. సారెలో తెచ్చుకున్న సామాన్లు అటక మీదికి ఎక్కిస్తుంటే చూశాను. రెండు తపాలలు, నిప్పులు నిలిచేటట్టు అంచు లేచిన బరువైన ఇనుప మూతలు రెండు. అప్పుడు నాకేమీ తోచలేదు.

ఒకనాడు పొద్దున్నే వీధిలో పడుగు సాగదీశారు. పడుగు సాగదీయడమంటే మా వీధి మొత్తానికీ పని. ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలు పరిచి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వాలి. పక్కిళ్లవాళ్లు కూడా వచ్చి తలా ఒక చెయ్యి వేస్తారు. మధ్యలో వదిలితే పోగులు అంటుకుపోతాయి. అంతమందికి తిండి పెట్టాలి, అదీ చప్పున పెట్టాలి. నేను నా ఒక్క తపాలతో పొయ్యి ముందు చెమటలు కక్కుతున్నాను. రెండో చెక్క కూడా తీయలేదు, వీధిలోంచి "అయిందా? అయిందా?" అని కేకలు. వదినె వచ్చి ఏమీ అనకుండా తన తపాలలు దించింది. పిండి కొంచెమే తీసుకుంది. అంతకు రెండింతలు సొరకాయ తురుము, గంగవాయిలి కూర, తోటకూర కలిపింది. నీళ్లు కూడా పోయలేదు, సొరకాయ చెమ్మతోనే పిసికింది. తపాలకు నూనె గుడ్డతో అద్దిందంటే అద్దింది. ఒత్తి, చూపుడువేలితో వరుసలుగా బొక్కలు పెట్టి, ఇనుప మూత పెట్టి, మూత మీద నిప్పులు పరిచింది. కిందా మీదా సెగ. తిప్పే పని లేదు, నూనె చుక్క వేసే పని లేదు. ఒకటి కాలుతుంటే ఒకటి చల్లారేది. నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే గంప నిండింది.

అందరూ వీధిలోనే నిలబడి తిన్నారు. తిని, చేతులు దులుపుకుని, మళ్లీ కుంచెలు పట్టారు. బాపు గోడ నీడకు కూర్చుని చెక్క మీద వేళ్లు ఆడించాడు. ఆగాడు. మళ్లీ ఆడించాడు. "గిది ఎవలు చేసిన్రు?" అన్నాడు. "కోడలు" అంది అమ్మ. బాపు ఒక ముక్క విరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసి, "చేతికి నూనె అంటలే" అన్నాడు. ఇంకో ఇంట్లో ఆ మాటకు విలువ ఉండదేమో గాని మా ఇంట్లో అంతకు మించిన మెప్పు లేదు. ఆ రోజుల్లో మామ కోడలి చేతికి నేరుగా ఏదీ ఇవ్వడు, కోడలు మామ ముందు నోరెత్తదు. అందుకని ఆ ముక్కను మోదుగాకులో పెట్టి అమ్మ వైపు జరిపాడు. "కోడలికియ్యి. చేసినోళ్లే ముందు తినాలె" అన్నాడు. వాకిట్లో బోర్లించిన నా తపాల పక్కన నీళ్ల చెంబు పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. నన్నెవరూ చూడలేదు. కడుపు మండిపోయింది. నిజంగానే మండింది, ఇక్కడ, బొడ్డు పైన. అంత కుళ్లు ఒంట్లో ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ తర్వాత నా పెళ్లయ్యేదాకా ఆ ఇంట్లో నేను బతికిన బతుకంతా ఆ ముక్క లెక్కే. నేను చేసిన రోజు బాపు పువ్వు తడిమి నా చేతికిచ్చేవాడు. వదినె చేసిన రోజు వరుసలు తడిమి ఆకులో పెట్టేవాడు. ఆకులో పెట్టే రోజులే పెరిగాయి. నూనె ఖర్చు తగ్గింది, పని ఆగడం తగ్గింది, అమ్మ నడుము నొప్పి కూడా తగ్గిందట. అన్నీ కోడలి పుణ్యమే! ఆకుకూర అంటే పళ్లెం పక్కకు జరిపే బాపు, ఆమె పిండిలో మునగాకు కలిపితే "ఏందిది, మంచిగున్నది" అని మళ్లీ అడిగాడు. అదే మునగాకు మర్నాడు నేను కలిపితే చేదొచ్చింది. "మూత మీద నిప్పులు గంతగనం వద్దు అండాలు, జర పల్చగ పరుచు" అని వదినె మెత్తగా చెప్పేది. ఆమె చెప్పిందని ఇంకో పిడికెడు పోసేదాన్ని. పైన మాడి లోపల పచ్చిగా ఉండే చెక్కను బాపు మాట్లాడకుండా తినేవాడు, పువ్వు తడిమి నాకు ముక్క ఇచ్చేవాడు. మాడిన ముక్క ఇస్తూ కూడా "చేసినోళ్లే ముందు" అనేవాడు. అన్నిటికంటే పెద్ద కష్టం ఏమంటే, ఆమె చెక్కే రుచిగా ఉండేది. వద్దు వద్దనుకుంటూనే రెండోది అడిగేదాన్ని. ఇష్టం లేని మనిషి చేతి వంట బాగుంటే ఎంత నరకమో పడ్డవాళ్లకు తెలుసు.

నన్ను భువనగిరిలో ఇచ్చారు. మా ఆయనకు కోట కింద బజార్లో చిన్న కిరాణం దుకాణం. అక్కడ అన్నం, పప్పు, చారు. నూలు లేదు, నూనె భయం లేదు, చెక్క మీద ఎంత నూనె పోసినా అడిగేవాళ్లు లేరు. చేసిన నాడు మా ఆయన పేపరు చదువుకుంటూ తినేవాడు, బొక్కలు చదరంగా ఉన్నాయో గుండ్రంగా ఉన్నాయో ఆయనకేం పట్టింది! ఇంతలో బాపు కళ్లు మసకబారాయి. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే ఆలస్యమైందన్నారు. కొన్నాళ్లకు చూపు పూర్తిగా పోయింది. మగ్గం అన్నకు అప్పగించి, అదే గుంట గట్టు పక్కన చాప వేసుకుని బట్ట మీద చెయ్యి ఆడిస్తూ కూర్చునేవాడు.

నేను వీలైనప్పుడల్లా బస్సెక్కి పోయేదాన్ని. నేను పోయిన రోజు మాత్రం ఆ ఇంట్లో తపాల పొయ్యెక్కేది కాదు. అన్నం, మాంసం కూర, పాయసం. "తపాల చెక్క చేసుకుందం వదినె" అంటే, "ఆడిబిడ్డ వచ్చిన్నాడు చెక్క పెడ్తరా? నలుగురు నవ్వరా?" అనేది. నేను పొయ్యి దగ్గరికి పోతే "నువ్వు కూసో" అని జబ్బ పట్టుకుని బయటికి తెచ్చేది. నన్ను చుట్టాన్ని చేసింది, నా పొయ్యి మీద నాకు హక్కు లేకుండా చేసింది అని తిరుగు బస్సులో భువనగిరి దాకా మా ఆయన చెవులు తినేసేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక బాపునే అడిగాను. "నన్ను మరిచిపోయినవా బాపూ? నా చేతి చెక్క తిని ఎన్నేండ్లయింది?" బాపు నా వైపు ముఖం తిప్పి నవ్వాడు. "ఏందే గట్లంటవు? రోజు నీ చేతిదే తింటున్న గద." చూపుతో పాటు మతి కూడా జారుతోందనుకున్నాను. కొంగుతో కళ్లు తుడుచుకుని ఊరుకున్నాను. ఆ మరుసటి ఏడే బాపు పోయాడు.

ఉప్పల్ ఇంట్లో సునీత పిల్లల్ని ట్యూషన్‌కు దింపడానికి పోయింది. నేను ఒక ప్యాటీ పళ్లెంలో పెట్టుకుని వదినె గదిలోకి పోయాను. మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆమె కళ్లూ ఇప్పుడు అంతంత మాత్రమే. "వదినె, నా పువ్వు నీకెట్ల వచ్చింది?" అన్నాను. కుశలం అడగలేదు, కూర్చోలేదు, అట్లాగే అడిగేశాను. ఆమె ప్యాటీ అందుకుని వేలితో తడిమింది.

"నువ్వు అత్తగారింటికి పొయ్యినంక మామ చెక్క తినుడు తగ్గిచ్చిండు అండాలు" అంది. "కండ్లున్నన్ని రోజులు ఏదో తిన్నడు. కండ్లు పొయ్యినంక చెక్క చేతుల పెడితె తడుముడు, నా వరుసలు తాకంగనే పళ్లెం పక్కకు వెట్టుడు. 'అండాలు రాలేదా?' అనుడు. అత్త ఏడ్సుడు. ఒకనాడు నాకేం తోచిందో, చిటికెనవేలుతోని నీ లెక్క ఒత్తిన. తడిమిండు. 'గిది మా అండాలు చేసింది' అన్నడు. తిన్నడు."

"రోజూ?"

"రోజు. నువ్వు వచ్చిన్నాడు తప్ప. నువ్వున్నప్పుడు చేస్తె దొరికిపోత గద."

నేను మంచం అంచున కూర్చున్నాను. అన్నం, మాంసం, పాయసం గుర్తొచ్చాయి. "మరి ముక్క?" అన్నాను. నాకు కావాల్సింది అదే.

"విరిచి చెయ్యి చాపెటోడు. తీసుకునేదాన్ని. నోరు తెరిస్తె గొంతు గుర్తుపడ్తడని మాట్లాడకపొయ్యేదాన్ని." వదినె ఈనె ఒకటి తీసి పక్కన పెట్టింది. "మొదలు మొదలు ఆయన తినాలనే చేసిన. అటెన్క అబద్ధమెందుకు, ఆ ముక్క కోసమే చేసిన. నా చేతుల ఎన్నేండ్లు తిన్నా, నాకు ఎప్పుడన్న చేతికిచ్చిండా? ఆకుల పెట్టి జరిపిండు. నీ పేరు పెట్టుకుంటెనే నాకు చేతికొచ్చింది. 'తిను బిడ్డా' అనెటోడు. మా నాయిన నా చిన్నప్పుడే పొయ్యిండు, నన్ను గట్ల అన్నోళ్లు లేరు. తినుకుంట నిన్ను తిట్టుకునేదాన్ని. ఏం చేసి పుట్టిందో అండాలు, ఊర్ల లేకున్నా ముక్క ఆమెదే అని."

నాకు ఏడుపు రావాలి. రాలేదు, ఒళ్లు మండింది. నేను భువనగిరిలో పప్పు రుబ్బుకుంటుంటే నా బాపు విరిచిన ముక్కలన్నీ ఈమె తిన్నది! ఇన్నేళ్ల ముక్కలు! నన్ను చూసి కుళ్లుకుందట, ఆమె! ఆ మాటే అనేశాను. "నావన్ని నువ్వు తిన్నవు గద వదినె!"

"తిన్న" అంది నెమ్మదిగా. "ఒక్కనాడు మాత్రం... పొయ్యే ముందటి రోజులు. ముక్క నా చేతుల పెట్టి, చెయ్యి ఇడువలేదు. 'అండాలూ, నువ్వొక్కదానివే తినకు. మీ వదినెకు సగం పెట్టు. ఆమెకు ఎవ్వలు పెడ్తలేరు' అన్నడు." చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "ఎరుకై అన్నడో, ఎరుక లేక అన్నడో. ఆ ముక్కను రెండు చేసిన. ఒక సగం తిన్న. ఇంకో సగం తినబుద్ధి కాలె. కొంగుల కట్టుకొని పొద్దుమీకిందాక తిరిగిన. అది నీది గద."

కిటికీ కింద రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. సునీత వంటింట్లో ఓవెన్ చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. దానికి నీళ్లు పోసి చల్లార్చే పని లేదు, మూత మీద నిప్పులు లేవు, జిడ్డు చేత్తో ముట్టకూడని నూలు ఆ ఇంట్లో పోగు కూడా లేదు. అయినా నూనె వేయరు. ఒంటికి మంచిదట. పిల్లలు ఫోన్లు చూస్తూ తిని పోయారు, ఎవరు చేశారో తడిమి చూసేవాళ్లు లేరు. చేసిన సునీత తను తిన్నదో లేదో కూడా నాకు తెలియదు. ఆ పువ్వు మాత్రం ఉంది, ఎందుకుందో తెలియకుండా.

వదినె ప్యాటీ అంచు నుంచి ఒక ముక్క విరిచింది. నా చెయ్యి వెతికి పట్టుకుని అందులో పెట్టింది. "తీసుకో. ఇది నీదే" అంది. నేను దాన్ని కాసేపు చూశాను. బాపు మాట తీసెయ్యలేను కదా, రెండుగా విరిచాను. సమానంగా విరగలేదు. చిన్న సగం వదినె చేతిలో పెట్టి, పెద్దది నేనే తిన్నాను.